మీకు తెలుసా? బంగళాలో పెళ్లికి రెండు తంతులు

మడికొండలో తెల్లవారుజామున మూడింటికి ముహూర్తమన్నా ఎవరూ ఉలిక్కిపడరు. నిద్రమొహాల చుట్టాలకు టీలు అందుతుంటాయి, జీలకర్ర బెల్లం పెట్టిస్తారు. అదే ఇంగ్లండులో 2012 అక్టోబరు దాకా, కొద్దిపాటి మినహాయింపులతో, పెళ్లి ఉదయం 8 నుంచి సాయంత్రం 6 లోపే జరగాలి! పల్లెల్లోని పాత జమీందారీ బంగళాల్లో సివిల్ పెళ్లిళ్లకు దారి తెరుచుకున్నదీ 1995లోనే. అలాంటి బంగళాలో మనవాళ్లు పెళ్లి పెట్టుకుంటే, పురోహితుడు జరిపించే తంతు ఒక్కటే చట్టానికి చాలదు. రిజిస్ట్రార్ ముందు సంతకాలు విడిగా కావాలి, ఆ కార్యక్రమంలో మంత్రం వినపడకూడదు. 28 రోజుల ముందే నోటీసివ్వాలి. మనకైతే 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం, సప్తపది ఉన్న పెళ్లి ఏడో అడుగుతో పూర్తయినట్టే. ఇంగ్లండు బంగళాలో హోమానికి మాత్రం ముందే అనుమతి అడగండి. పొగ అలారం పంతులుగారి మాట వినదు.