అద్దంలో రెండో నకలు

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకి అనే వూరుంది. జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల వున్నది అక్కడే. దాని ఆవరణలో 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల స్థలంలో 1024 యాంటెన్నాలు నిలబెట్టారు. 32 వరుసలు, వరుసకు 32. లెక్క సరిపోయిందా? ఈ రాడారు సెకనుకు 5 కోట్ల 30 లక్షల సార్లు కంపించే రేడియో తరంగాలను పైకి పంపి, తిరిగివచ్చే సన్నని ప్రతిధ్వనులను పట్టుకుంటుంది. వాటినిబట్టి పైగాలులు ఎటు, ఎంత వేగంతో వీస్తున్నాయో తెలుస్తుంది.

ఇలాంటి కొలతలతో ఒక చిక్కుంది. లెక్క తప్పితే పలక తుడిచి మళ్ళీ చేస్తారు. కాని ఈ రాత్రి వీచిన గాలిని రేపు కొలవగలరా? అంకెలు పోతే పోయినట్టే. అందుకే పోగొట్టుకోకూడని అంకెలను ఒక్కచోట దాచకూడదు.

రెండుచోట్ల దాచే ఒక పద్ధతి పేరు మిర్రరింగ్, అంటే అద్దంలో ప్రతిబింబం. కంప్యూటరులో రెండు డిస్కులు పెడతారు. ఏమి రాసినా ఒక సాఫ్ట్‌వేరు దాన్ని రెండింటిలోనూ రాస్తుంది. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు డిస్కులను జట్టుకట్టే పద్ధతులను వర్గీకరించారు. అందులో మొదటిది ఇదే.

ఈ రోజుల్లో ఆ డిస్కులు తరచు ఎస్.ఎస్.డి.లు. వీటిలో తిరిగే భాగాలు వుండవు. అతిచిన్న గదుల్లో ఎలక్ట్రాన్లను బంధించి అంకెలు దాస్తారు. చెరిపి రాసిన ప్రతిసారీ గది గోడ కొంచెం అరుగుతుంది. పాత హార్డు డిస్కు చెడేముందు టకటకమని చప్పుడు చేయవచ్చు. ఎస్.ఎస్.డి. చడీచప్పుడు లేకుండానే పోవచ్చు.

జబ్బు కనుక్కోవడం ఎలా?

మీ బడిలోని కంప్యూటరుకు మీరే వైద్యులనుకోండి. లినక్స్ యంత్రమైతే జంట బాగున్నప్పుడు రెండు 'యు' అక్షరాలు చూపిస్తుంది. ఒక 'యు' స్థానంలో గీత కనిపించిందా? ఒక డిస్కు జట్టునుంచి తప్పుకున్నదన్నమాట.

వెంటనే విప్పకండి. మొదట మిగిలిన డిస్కులోని సమాచారాన్ని వేరేచోటికి నకలు తీయండి. తరువాత డిస్కు తన గురించి తాను రాసుకునే ఆరోగ్య పట్టిక చూడండి. పాడైన గదులు పెరుగుతుంటే జబ్బు డిస్కుది. సమాచారం దారిలో చెడిన సంఖ్య మాత్రమే పెరుగుతుంటే అనుమానం కేబులు మీద. కంప్యూటరు ఆపి కొత్త కేబులు తగిలించి చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే రోగం ఏ మందుకు తగ్గిందో తెలియదు.

డిస్కే మార్చవలసివస్తే దాని మీది క్రమసంఖ్యను తెరమీది సంఖ్యతో సరిచూడండి. చెడినదనుకుని మంచిదాన్ని లాగేయడం ఈ పనిలో అన్నిటికన్న పెద్ద పొరపాటు. కొత్తది పెట్టాక సాఫ్ట్‌వేరే దాన్ని నింపుతుంది. డిస్కులో 10 లక్షల మెగాబైట్లున్నాయి, సెకనుకు 400 చొప్పున నిండుతుంది. ఎంతసేపు పడుతుంది? 2500 సెకన్లు, అంటే సుమారు 42 నిమిషాలు. అంతసేపూ మీకున్నది ఒక్క పూర్తి నకలే!

ఇద్దరిలో ఎవరిది నిజం?

రెండు డిస్కులూ బతికే వున్నాయి. కాని ఒకటి 27, 31, 24 అంటున్నది. రెండోది 27, 37, 24 అంటున్నది. ఏది నిజం? అద్దం చెప్పలేదు. రాసేనాడే మొత్తం 82 అని పక్కన రాసివుంచితే? మొదటిదే నిజమని తేలిపోతుంది. దీన్ని చెక్‌సమ్ అంటారు. జెడ్.ఎఫ్.ఎస్. వంటి పద్ధతులు ఇలాంటి సంఖ్యను ప్రతి ముక్కకూ దాచి, తప్పును తామే దిద్దుతాయి.

కవలల ప్రమాదం

2019లో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ సంస్థ ఒక హెచ్చరిక చేసింది. తాము అమ్మిన కొన్ని ఎస్.ఎస్.డి.లలోని ప్రోగ్రాము లోపం వల్ల అవి సరిగ్గా 32,768 గంటలు పనిచేయగానే ఆగిపోతాయి, ప్రోగ్రాము మార్చుకోండి అని. 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు! 2ను 15 సార్లు వేసి గుణించి చూడండి, ఆ సంఖ్యే వస్తుంది. అలాంటి రెండింటిని ఒకేరోజు జంటగా పెడితే? రెండూ ఒకే గంటలో పోతాయి. ఈ లోపం లేకపోయినా, జంటలో రెంటికీ రాత సమానమే కనుక అరుగుదలా ఇంచుమించు సమానమే. అందుకే వేరువేరు రకాల డిస్కులను జంటచేయడం మంచిది.

చివరిమాట. మీరు పొరపాటున ఒక ఫైలు చెరిపితే అద్దంలోనూ ఆ క్షణమే చెరుగుతుంది. అద్దం మీరు చేసిందే చేస్తుంది, తప్పైనా సరే. కాబట్టి మూడో నకలు వేరే డిస్కులో, వీలైతే వేరే భవనంలో వుండాలి.

మీ సైన్సు నోటుపుస్తకంలో ఈ సంవత్సరం రాసిన వానకొలతలు వున్నాయా? వాటికి ఎన్ని నకళ్ళున్నాయి? ఈరోజే లెక్కపెట్టండి.