పోకర్‌లో కుర్చీ విలువ

రమ్మీ ఆడుతూ పెరిగిన మనవాళ్లకు పక్కన ఎవరు కూర్చున్నారన్నది ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. మనకు ముందు ఆడేవారు పారేసిన ముక్కే కదా మనకు అక్కరకొచ్చేది! కానీ ఇక్కడ అమెరికాలో శనివారం విందు తర్వాత పోకర్‌కి కూర్చుంటే ఆ సంగతి మరిచిపోతాం. ఓడిన ప్రతిసారీ "ఇవాళ ముక్కలు పడటం లేదు" అంటాం. నేను చూసినంతలో చాలాసార్లు తప్పు ముక్కలది కాదు, కుర్చీని లెక్కచేయనివారిది.

టెక్సస్ హోల్డెమ్‌నే తీసుకుందాం. తలా రెండు ముక్కలు. బల్లమీద అందరికీ ఉమ్మడిగా మూడు, ఆపైన ఒకటి, చివరికి మరొకటి తెరుస్తారు. ప్రతి దశలోనూ పందెం ఉంటుంది. డీలర్ బటన్ అనే బిళ్ల ఎవరి ముందుంటే వారు పంచినట్టు లెక్క. వారి ఎడమపక్క ఇద్దరు ముక్కలు చూడకముందే బ్లైండ్స్ అనే తప్పనిసరి పందెం కట్టాలి. ఆ పక్కనున్న మూడోవారు మొదట నోరు విప్పాలి. ఉమ్మడి ముక్కలు తెరిచాక మాత్రం ఆఖరి మాట బటన్ వారిదే. అందరూ ఏం చేశారో చూశాకే వారు తేల్చుకుంటారు.

మీ చేతిలో ఆసు, పది ఉన్నాయనుకోండి. దానికన్నా స్పష్టంగా మెరుగైనవి పది మొదలు ఆసు దాకా జతలు, ఆసుతో రాజు, రాణి లేక జాకీ. మిగిలిన 50 ముక్కల్లో సాధ్యమైన 1,225 జోడీల్లో ఇలాంటివి 60. తొమ్మిదిమంది బల్లలో మీరే మొదట మాట్లాడాలంటే, వెనకున్న ఎనిమిదిమందిలో ఒక్కరికైనా అలాంటిది ఉండే అవకాశం సుమారు 33 శాతం. అందరూ ముక్కలు పడేసి బటన్ దగ్గరున్న మీదాకా వస్తే, మిగిలిన ఇద్దరిలో అది సుమారు 10 శాతమే. ముక్కలవే, విలువ మారింది!

అందుకే ముందు కుర్చీల్లో గట్టి ముక్కలతోనే దిగాలి, బటన్ దగ్గర కాస్త చొరవ చూపవచ్చు. బ్లైండ్ కట్టేశాం కదా అని చెత్త ముక్కలతో కొనసాగకూడదు. ఆ తర్వాత ప్రతి దశలోనూ ముందు మాట్లాడాల్సింది వారే. దూకుడుగా పందెం పెంచేవారు మీ కుడిపక్క ఉంటే మేలు. వారి ఎత్తు చూశాక మీ వంతు వస్తుంది.

బిళ్ల ప్రతి ఆటకూ ఎడమకు జరుగుతుంది కనుక మంచి కుర్చీ అందరికీ వస్తుంది. అయితే కేసినోలో పందెం సొమ్ములోంచో, గంటకింతనో నిర్వాహకుల వాటా పోతుంది. కుర్చీ తెలివి ఆ వాటాకే సరిపోకపోవచ్చు. కాబట్టి పోయినా బాధలేని సొమ్ముతోనే కూర్చోండి. ఈసారి ముక్కలు ఎత్తేముందు బిళ్ల ఎక్కడుందో చూడండి.