తేనెటీగ ఝుంకారము

తేనెటీగ ఏ యవయవముతో ధ్వని చేయునని తరగతిలో ప్రశ్నించినచో కొందరు బాలురు ‘నోటితో’ నందురు. కొందరు ‘రెక్కలతో’ నందురు. రెండవవారి మాట చాలవరకు నిజమే కాని, సంపూర్ణముగా నిజము కాదు. మనకు ఊపిరితిత్తులనుండి వెలువడు గాలి గొంతుకయందు స్వరమగును. తేనెటీగకు ఊపిరితిత్తులును లేవు, గొంతుకయు లేదు. అది శరీరపు ప్రక్కలనున్న సన్నని రంధ్రములతో గాలి పీల్చుకొనును. కావున ఝుంకారము నోటి పలుకు కాదు.

ధ్వని యనగా గాలియందు కలుగు కంపము. హార్మోనియము మెట్టు నొక్కగనే లోపలి లోహపు నాలుక వేగముగా అల్లాడి గాలిని కదలించును. తేనెటీగ రెక్కలును అట్టివే. ఎగురునపుడు అవి సెకనునకు సుమారు 230 సారులు కొట్టుకొనును. కాకి రెక్కలాడించుట కంటికి కనబడునే కాని చెవికి స్వరముగా వినబడదు. ఏలయన, సెకనునకు 20 కంపములకు లోబడినచో మానవుని చెవి దానిని స్వరముగా గ్రహింపజాలదు.

ఇంతటి వేగమెట్లు కలిగెను? ఈ విషయమంతటిలో మాకు మిక్కిలి ముచ్చట గొలుపునది ఇదియే. రెక్కలను ఆడించు ముఖ్య కండరములు రెక్కలకు అంటుకొని యుండవు! తలకును పొట్టకును నడుమ నున్న వక్షోభాగము గట్టి పెట్టె వంటిది. దానిలో నిలువుగా కొన్ని కండరములు, పొడవునా కొన్ని కండరములు కలవు. నిలువు కండరములు ముడుచుకొనినపుడు పెట్టె మూత క్రిందికి దిగి, రెక్కలు పైకి లేచును. పొడవు కండరములు ముడుచుకొనినపుడు మూత పైకుబికి, రెక్కలు క్రిందికి వాలును. ఒకటి ముడుచుకొనగా రెండవది సాగును. సాగిన వెంటనే అదియు ముడుచుకొనును. ప్రతి కదలికకును నాడుల ఆజ్ఞ రానక్కరలేదు. ఉయ్యాలను ఒకమారు త్రోసిన పెక్కు ఊపులూగునట్లు, ఒక్క ఆజ్ఞకు అనేక కదలికలు జరుగును.

పెట్టె కంపించుచున్నంతవరకు రెక్కలు ముడిచియున్నను ధ్వని పుట్టగలదు. క్రొత్తగా వెలువడిన రాణి యీగ తన వక్షమును తేనెపట్టుకు అదిమి, రెక్కలు ముడిచి, కూత వేయును. ఇంకను గదులలో మూయబడియున్న రాణులు వేరొక తీరున బదులిచ్చును. తేనెటీగలను గూర్చి 1609లో గ్రంథము ప్రకటించిన ఆంగ్లేయుడు చార్లెసు బట్లరు ఈ కూతలను సంగీత స్వరములుగా గుర్తించెను.

ఎగురునపుడు వినబడు ఝుంకారము మాత్రము బండిచక్రపు కిర్రుమను మ్రోత వంటిది; పనితోపాటు తానై పుట్టునది. అయితే దానికి బంధువైన తుమ్మెద ఆ కంపమునే పనిముట్టుగా చేసికొన్నది. మన యింటి దూలములకు గుండ్రని తొర్రలు చేయు నల్లని పెద్ద తుమ్మెదను ఎరుగుదుము గదా! సంస్కృతమున దీనిని ద్విరేఫమనియు నందురు. అది ధ్వనినిబట్టి వచ్చిన పేరు కాదు; భ్రమర శబ్దమున రెండు రేఫలుండుటచే వచ్చినది.

వంకాయ పువ్వులో పుప్పొడి గొట్టముల వంటి తిత్తులలో దాగియుండును. వాటి కొనలందు చిన్న రంధ్రములు మాత్రమే యుండును. తుమ్మెద ఆ తిత్తులను కాళ్లతో కరచుకొని, రెక్కలాడింపకయే వక్షమును కంపింపజేయును. జల్లెడ నుండి పిండి రాలినట్లు పుప్పొడి దాని రొమ్ముపై రాలును. టమాటా పువ్వునకును ఇట్టి సాయమే మేలు. గాలి యూపునకు కొంత పుప్పొడి రాలి కాయలు కట్టుమాట నిజమే. కాని యీ కంపము తోడైనచో కాపు మెరుగగును. తేనెటీగకు ఈ విద్య రాదు.

హోసూరు ప్రాంతమున టమాటా పండించు తల్లిదండ్రులు దీనిని గమనింపవలెనని మా కోరిక. దూలములు తొలుచునని, కుట్టునని భయపడి తుమ్మెదలను చంపుట మనము చూచుచున్నాము. మగ తుమ్మెదకు కొండియే లేదు. ఆడది చేతితో పట్టుకొన్ననే తప్ప సాధారణముగా కుట్టదు. పూత సమయమున, తుమ్మెదలు తిరుగు వేళ మందు చల్లినచో కాయ పట్టించువానినే పోగొట్టుకొందుము.

బాలబాలికలు ఉదయమున వంగతోటలో కదలక నిలిచి వినవలెను. తుమ్మెద వచ్చునపుడు బొంగురుగా మ్రోగును. పువ్వుపై వ్రాలగానే ఆ మ్రోత ఆగును. మరుక్షణముననే అంతకంటె హెచ్చు స్థాయిలో, పొట్టిగా, తెంపులు తెంపులుగా ‘జుయ్’మని వినబడును. పుప్పొడి రాలుచున్నది అప్పుడే.