వర్ణదృష్టి పరీక్ష

రంగుచుక్కల నడుమ దాగిన అంకెను చదివించు పటములను మన విద్యార్థులలో పలువు రెఱుగుదురు. జపాను నేత్రవైద్యుడగు షినోబు ఇషిహారా 1917వ సంవత్సరమున వీనిని ప్రకటించెను. పుట్టుకతో ఎఱుపు, ఆకుపచ్చల భేదము తెలియనివారిని కనిపెట్టుటకై యివి యేర్పడినవి. వీనికి మఱియొక ప్రయోజనము గలదు. థైరాయిడు వ్యాధివలన కంటికి గలుగు కీడును వేళకు గుర్తించుటకు ఇవి తోడ్పడును. ఆ సంగతిని పెన్‌పహాడ్ ప్రాంతపు తలిదండ్రులకును బాలబాలికలకును దెలుపగోరుచున్నాము.

థైరాయిడు గ్రంథి కంఠమున ముందువైపున నుండును. దేహమును గాపాడవలసిన రక్షణశక్తియే కొందఱియందు దారితప్పి, ఈ గ్రంథిని మితిమీఱి పనిచేయించును. కంటివెనుకనున్న కండరములను, క్రొవ్వును వాపెక్కించును. ఈ వ్యాధిని ఐర్లండు వైద్యుడు గ్రేవ్స్ 1835లోను, జర్మను వైద్యుడు బాసెడో 1840లోను వర్ణించిరి. కనుగ్రుడ్డు ఎముకల గూటిలో నున్నది. వాపునకు ముందువైపుననే చోటుండుటచే గ్రుడ్లు వెలికి పొడుచుకొని వచ్చును. గూటి చివర ఇఱుకైనచోట వాచిన కండరములు దృష్టినాడిని నొక్కినచో చూపునకే మోసము వచ్చును.

అట్లు నొక్కబడిన నాడి తొలుత రంగులను పోగొట్టుకొనుట కలదు. అక్షరములను చక్కగా చదువు కంటికే కల్లమున ఆరబోసిన మిరపపండ్లు వెలిసినట్లు తోచవచ్చును. రెండు కన్నులు తెఱచి చూచినచో మంచికన్ను చెడుకంటి లోపమును కప్పివేయును. కావున కంటిజోడు గలవారు దానిని ధరించి, మంచి వెలుతురున, ఒక్కొక్క కంటిని మూసి పరీక్షింపించుకొనవలెను. ఒకనాటి లెక్క చాలదు. ప్రతిసారియు వ్రాసియుంచి, వెనుకటిదానితో పోల్చవలెను. పుట్టుకతో వర్ణలోపముగలవాని లోపము మాఱక నిలుచును. వ్యాధిచే గలిగినది మాఱుచుండును.

ఈ పటములు నీలము, పసుపులయందలి లోపమును పట్టజాలవు. కావున వైద్యులు వేఱు వర్ణపరీక్షలను, కనుపాప పరీక్షను, స్కానును గూడ జేయుదురు.

మాత్రలతో రక్తపరీక్ష సరిపడినది గాన కంటికి భయములేదని తలంపరాదు. గ్రంథి కుదుటబడినను కంటివ్యాధి ముదురవచ్చును. పొగత్రాగుట దానిని హెచ్చించును. గ్రుడ్లు పెద్దవగుట దిష్టియని యింట గూర్చుండరాదు. రంగులు వెలిసినట్లు తోచినచో ఆలసింపక సూర్యాపేటలోని కంటివైద్యునో, హైదరాబాదునందలి సరోజినీదేవి కంటి ఆసుపత్రినో, 1987లో స్థాపింపబడిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యశాలనో చేరవలెను. నరముగుండ నిచ్చు స్టెరాయిడు మందుచేతను, అవసరమైనచో గూటిని విశాలపఱచు శస్త్రచికిత్సచేతను పెక్కుర చూపు నిలుచును. జాగు చేసినచో పోయినచూపు మరల రాకపోవచ్చును.

ఇంట నెవరికైన థైరాయిడు వ్యాధి యున్నచో, బాలబాలికలారా, వారినొక కన్ను మూసికొని ఎఱ్ఱని వస్తువును చూడుమనుడు. పిమ్మట రెండవ కంటితో చూడుమనుడు. భేదము గనిపించినచో వెంటనే పెద్దలకు జెప్పుడు. భేదము లేకున్నను వైద్యపరీక్ష మానరాదు. ఏలయన రెండు కన్నులు నొక్కసారియే చెడవచ్చును.