మన్ననూరు దాటాక జీపీఎస్ పనిచేస్తుందా?

నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలానికి బైక్ మీద వెళ్లేవారికి మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వే. ఫర్హాబాద్, వటవర్లపల్లి మీదుగా పోతుంటే చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ కూడా లేనట్టే అనుకుని, వేలకు వేలు పోసి ప్రత్యేక పరికరం కొనేవాళ్లున్నారు. తొందరపడొద్దు.

జీపీఎస్‌కు సెల్ టవర్‌తో పనిలేదు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తామెక్కడున్నాయో, టైమెంతో చెబుతూ రేడియో సంకేతాలు పంపుతుంటాయి. ఫోన్ వాటిని వింటుంది, అంతే. సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని కాంతివేగంతో గుణిస్తే దూరం తెలుస్తుంది. సెకనులో వంద కోట్లో వంతు తేడా వస్తే దూరం 30 సెంటీమీటర్లు తప్పుతుంది. ఫోన్ గడియారానికి అంత కచ్చితత్వం ఎక్కడిది? దాని తప్పును కూడా లెక్కగట్టాలి కాబట్టే కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి.

మరి అడవిలో మాయమయ్యేదేమిటి? మ్యాప్. అది నెట్ మీద వస్తుంది. అందుకే ఖాళీ తెర మీద నీలం చుక్క ఒక్కటే కదులుతుంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతాన్ని ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు. లేదంటే ఆర్గానిక్ మ్యాప్స్ ఉంది, ఉచితం.

ఇంకో చిక్కుంది. ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే వివరాలు ఆకాశం నుంచి సెకనుకు 50 బిట్ల నత్తనడకన దిగుతాయి. నెట్ ఉంటే ఫోన్ వాటిని క్షణంలో తెచ్చుకుంటుంది. లేకపోతే ఒక్కో ఉపగ్రహాన్ని అరనిమిషం పాటు ఆగకుండా వినాలి. మధ్యలో చెట్ల కొమ్మలు అడ్డొస్తే మళ్లీ మొదటికే. కాబట్టి నడి అడవిలో ఫోన్ ఆన్ చేసి తంటాలు పడే బదులు, సిగ్నల్ ఉండగానే దారి తెరిచి పెట్టుకోవాలి.

కొత్త ఫోన్ కొనేవారు ఉపగ్రహాలు వేర్వేరు పౌనఃపున్యాల్లో పంపే ఎల్1, ఎల్5 సంకేతాలు రెంటినీ అందుకునేది చూసుకోవాలి. దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగే ఘాట్ మలుపుల్లో కొండకు తగిలి వచ్చే దొంగ సంకేతాలను ఎల్5 బాగా పసిగడుతుంది. జీపీఎస్ లాంటి మన దేశపు నావిక్ ఉపగ్రహాలు మొదటి నుంచీ ఎల్5 వాడుతున్నాయి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01తో ఎల్1 కూడా తోడైంది.

ఫోన్ ఓడిపోయేది ఎండకు, కుదుపులకు. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెల నల్లగొండలో ఎండ ఆ హద్దును మధ్యాహ్నానికి ముందే దాటిపోతుంది. వేడెక్కిన ఫోన్ తెర మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. బైక్ ఇంజిన్ కంపనాలకు కెమెరా పాడయ్యే ప్రమాదముందని 2021లో ఆపిలే హెచ్చరించింది. గార్మిన్ జూమో లాంటి బైకర్ల పరికరాలకు ఈ బెడద తక్కువ. వానకు తట్టుకుంటాయి, గ్లవుజులతోనే నొక్కొచ్చు.

నా మాట అడిగితే, సాగర్, శ్రీశైలం, గద్వాల తిరిగేవారికి ఫోనూ, డౌన్‌లోడ్ చేసిన మ్యాపూ, కుదుపులు తగ్గించే డాంపర్ ఉన్న హోల్డరూ చాలు. వారాల తరబడి లద్దాఖ్ దాకా పోయేవారు జూమో కొనుక్కోవచ్చు. ఏది కొన్నా ఒకటి గుర్తుంచుకోండి: రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు గేటు మూసేస్తారు. మ్యాప్ చూపే టైమును నమ్ముకుని ఆలస్యంగా బయల్దేరకండి.