కదలని కొలబద్ద ఏది? పీసీఓడీ పరిశోధనలో రిఫరెన్స్ జీన్ సంగతి

ఎపిసోడ్‌లో "రిఫరెన్స్ జీన్" అన్న మాట ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లాం. ఇక్కడ లెక్కతో సహా చూద్దాం.

కోవిడ్ రోజుల్లో ఇంటికెళ్లడానికి ఆర్‌టీ-పీసీఆర్ రిపోర్ట్ కోసం రియాద్‌లో తిరిగినవాళ్లు మనలో చాలామందే. అందులో సీటీ వాల్యూ అని ఒక అంకె ఉండేది, గుర్తుందా? మెషిన్‌లో ఒక్కో సైకిల్‌కి జన్యు పదార్థం దాదాపు రెట్టింపవుతుంది. ఎన్నో సైకిల్‌కి కంటపడిందో అదే సీటీ. అంకె చిన్నదైతే సరుకు ఎక్కువ, పెద్దదైతే తక్కువ.

పీసీఓడీ, థైరాయిడ్, షుగర్ లాంటి హార్మోన్ జబ్బుల్లో ఏ జీన్ పని పెరిగింది, ఏది తగ్గింది అని చూడటానికీ ఇదే పద్ధతి వాడతారు. కింగ్ సౌద్ యూనివర్సిటీలో, హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెనెటిక్స్‌లో కూడా పీసీఓడీ జీన్ల మీద పరిశోధనలు జరిగాయి.

చిక్కేంటంటే, ఒక శాంపిల్‌లో సరుకు ఎక్కువ రావచ్చు, ఇంకోదాంట్లో తక్కువ. అందుకే ఎప్పుడూ ఒకేలా పనిచేసే జీన్‌ని పక్కన పెట్టుకుని దానితో పోలుస్తారు. అదే రిఫరెన్స్ జీన్. చాలా ల్యాబుల్లో చేతికి ముందు దొరికేది జీఏపీడీహెచ్. కణంలో చక్కెరను శక్తిగా మార్చే పనిలో ఉంటుంది. కానీ కొవ్వు కణాల్లో ఇన్సులిన్ దీన్ని పెంచుతుంది. పీసీఓడీ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయక, రక్తంలో దాని మోతాదు ఎక్కువగా ఉంటుంది. అంటే కొలబద్దే సాగుతోందన్నమాట!

ఒక ఉదాహరణ అనుకుందాం. మనం చూసే జీన్ సీటీ ఇద్దరిలోనూ 24. జీఏపీడీహెచ్ ఆరోగ్యంగా ఉన్నామెలో 18, పీసీఓడీ ఉన్నామెలో 17. తేడాలు 6, 7. ఒక్క సైకిల్ తేడా అంటే రెండింతలు కదా, కాబట్టి "జీన్ సగానికి తగ్గింది" అని రిపోర్ట్ వస్తుంది. నిజానికి అది కదలనే లేదు. ఆ తప్పు మీద మందు వెతికితే ఏళ్లు, డబ్బులు వృథా.

మరి నిలకడైనది ఎలా పట్టుకోవాలి? 2002లో బెల్జియంలోని ఘెంట్ పరిశోధకులు జీనార్మ్ పద్ధతి ఇచ్చారు. చాలా జీన్లను తీసుకుని, రెండేసి చొప్పున పోల్చి, అన్ని శాంపిళ్లలో నిష్పత్తి మారని వాటిని ఉంచుతారు. ఒక్క జీన్‌ని పరీక్షించకుండా నమ్మొద్దని 2009లో వచ్చిన మిక్ మార్గదర్శకాలు కూడా చెప్పాయి.

ఇక్కడా ఒక మెలిక ఉంది. బత్‌హాలో డబ్బు పంపేవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రియాల్ 1986 నుంచి డాలర్‌కి 3.75 దగ్గర కట్టేసి ఉంది. దిర్హమ్ కూడా డాలర్‌కే కట్టి ఉంది. ఆ రెండింటినే పోలిస్తే ఎప్పుడూ నిలకడే. రూపాయి పక్కన పెడితే రెండూ కలిసే కదులుతాయి! జీన్లూ అంతే. ఒకే తాడుకి కట్టినవి ఒకదానికొకటి సాక్ష్యం కావు. అందుకే వేర్వేరు పనులు చేసే జీన్లను ఎంచుకోవాలి.

చివరగా, ఇది పరిశోధన సంగతి. ఇంటి దగ్గర ఎవరికైనా పీసీఓడీ అనుమానం ఉంటే నెలసరి తీరు, హార్మోన్ రక్తపరీక్ష, స్కానింగ్ చూసి డాక్టర్ తేలుస్తారు. "జీన్ ఎంత పనిచేస్తోందో చూస్తాం" అని ఎవరైనా ఖరీదైన టెస్ట్ చెబితే, దానితో వైద్యంలో ఏం మారుతుందో ముందు అడగమనండి.