కుందేలు కథల దొరసాని మరణశాసనము

లోకమునకు మేలొనర్చినవారికి శిలావిగ్రహము నిలుపుట యాచారము. కాని పసిబిడ్డలకు గథలు చెప్పినవారి స్మృతి నేరీతి నిలుపవలయును? మా అత్తగారు పొయ్యియొద్ద గూర్చుండి కాకి కథలు, నక్క కథలు నెన్నియో చెప్పెడివారు. వానిని మేము వ్రాసియుంచుకొనలేదు. ఆమెతోడనే యవియు బోయినవి. ఆ చింత బాధించునప్పుడెల్ల నాంగ్లదేశపు గథకురాలు బియాట్రిక్స్ పాటరు మాకు జ్ఞప్తికి వచ్చును.

ఆమె 1866వ సంవత్సరమున లండను నగరమున సంపన్నుల యింట జన్మించెను. బడికి బోక యింటనే చదువుకొనెను. 1893లో జబ్బుపడిన యొక పసివానికి బొమ్మలతో నుత్తరము వ్రాయుచు బీటరను కుందేలుపిల్ల కథ నల్లెను. ప్రచురణకర్తలు దానిని నిరాకరింపగా 1901లో సొంత సొమ్ముతో 250 ప్రతులు ముద్రింపించుకొనెను. మఱుసటి యేట వార్ను కంపెనీవారు దానిని బ్రకటించిరి.

ఆ కుటుంబములోని నార్మను వార్నుతో 1905లో నామెకు వివాహము నిశ్చయమయ్యెను. వ్యాపారికి బిడ్డ నిచ్చుట తలిదండ్రుల కిష్టము లేకున్నను నామె వెనుదీయలేదు. నెలదినములకే యాతడు మరణించెను. ఆ యేటనే యామె సరస్సుల సీమయందలి సారీ గ్రామమున హిల్ టాప్ అను పొలమును, పాత యింటిని గొనెను. అందులకు ముఖ్యముగా నక్కఱకు వచ్చినది పుస్తకముల రాబడియే. ఆ యింటి వంటగదియు, మెట్లును, తోటదారియు నామె బొమ్మలలో జేరినవి.

1913లో విలియం హీలిస్ అను న్యాయవాదిని వివాహమాడిన పిమ్మట నామె కలముకంటె గొఱ్ఱెల మందపైనే మనసు నిలిపెను. ఆ కొండలకు సహజమైన హెర్డ్విక్ జాతి గొఱ్ఱెలను బెంచెను. పొలములు ముక్కలై యమ్ముడుపోవునను భయముతో నొకదాని వెనుక నొకటి కొనెను. మంచి ప్రదేశములను, పాత కట్టడములను బ్రజలకొఱకు గాపాడుటకై 1895లో నేషనల్ ట్రస్టు వెలసినది. దాని స్థాపకులలో నొకరగు రాన్స్లీ మతాచార్యు డామె కుటుంబమునకు స్నేహితుడు. 1930లో నామె మంక్ కానిస్టన్ అను పెద్ద యెస్టేటును గొని, అందు సగము కొన్న ధరకే ట్రస్టువారి కిచ్చి, వారి తరఫున దానే నిర్వహించెను.

1943 డిసెంబరు 22వ తేదీన నామె గతించెను. 14 పొలములును, 4,000 ఎకరములకు మించిన భూమియు, భర్త యనంతరము ట్రస్టునకు జెందవలెనని యామె మరణశాసనము. హిల్ టాప్ గదులు తాను విడిచినట్లే యుండవలయునని, కొండ పొలములలో శుద్ధమైన హెర్డ్విక్ మందలే మేయవలయునని యామె కోరెను. భర్త 1945లో మరణించెను. 1946లో ఇల్లు ప్రజలకు దెఱవబడెను. పొలములు మాత్రము చూపుడు వస్తువులు గాలేదు. కౌలుదారులు నేటికిని వానిని సేద్యము చేయుచున్నారు.

యౌవనమున నామె రహస్యలిపిలో వ్రాసికొనిన దినచర్య నెవరును జదువలేకుండిరి. లెస్లీ లిండరను నభిమాని యేండ్ల తరబడి శ్రమించి, 1958లో దాని మర్మము గనిపెట్టెను. అది 1966లో నచ్చయ్యెను. ఆతడు కూర్చిన బొమ్మలును, కాగితములును 1973లో నాతని మరణానంతరము లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియమునకు జేరినవి.

ఇందు మనము గ్రహింపవలసిన దేమి? ప్రేమ యొక్కటియే స్మృతిని గాపాడజాలదు. దేని నుంచవలెనో, ఎట్లుంచవలెనో బ్రతికియుండగానే నిర్ణయించి, కాగితమున బెట్టి, నమ్మకమైన చేతుల కప్పగింపవలయును. తాను సంపాదించిన ధనము తన యధీనమున నుండుటచేతనే యామె కిది సాధ్యమైనది. ఆమె కోరిక ననుసరించి గొఱ్ఱెల కాపరి యామె చితాభస్మమును గొండనేలపై జల్లెను. ఆ చోటు లోకమునకు దెలియదు. సమాధి లేకున్న నేమి? ఆ మందలు మేయుచునే యున్నవి.

మనకు వేలాది యెకరములు లేవు. ఒక నోటుపుస్తకము మాత్ర ముండవచ్చును. మా పెద్దాడబిడ్డగారికి జ్ఞాపకమున్న నాలుగు కథల నడిగి మేము వ్రాయ నారంభించితిమి. మీ యింటి ముసలమ్మ నేటి రాత్రి కథ చెప్పునప్పుడు, సోదరీ, దాపున గలము నుంచుకొనుము.